వేరే నక్షత్రం నుంచి సిగ్నల్ వస్తే మేడారంలో మొక్కులు ఆగుతాయా?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు హనుమకొండలో ఉండి తెలుగులో సైన్స్ ఫిక్షన్ నవల రాస్తున్నారు. మేడారం జాతర జరిగే నాలుగు రోజుల్లోనే ట్రాపిస్ట్-1 అనే నక్షత్రం వైపు నుంచి సిగ్నల్ అందుతుంది. ఆ వార్త వినగానే జనం దేవుళ్లను వదిలేస్తారు. గుళ్లు, మసీదులు, చర్చిలు ఖాళీ అవుతాయి. రెండో భాగంలో మార్స్ మీద మనవాళ్ల కాలనీ ఉంటుంది. చదివినవాళ్లు "నమ్మబుద్ధి కావట్లేదు" అన్నారు. వేరే లోకాల జీవుల గురించి మతాలు అసలు ఏమంటాయి, కథలో ఏం మార్చాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను, మీ పాఠకులు సరిగ్గానే పట్టుకున్నారు. "వేరే లోకంలో ప్రాణులున్నాయి" అన్న ఒక్క మాటకే కూలిపోయే పెద్ద మతం ఏదీ లేదు. చాలా మతాలు ఆ మాటను ఎప్పుడో విన్నాయి, కొన్ని తామే చెప్పాయి. ఒక్కో మతానికి ఒక్కో కీలు ఉంటుంది, బరువు అక్కడ పడితేనే నొప్పి పుడుతుంది. ఆ కీలు ఎక్కడుందో తెలుసుకొని రాస్తే మీ కథ నిలబడుతుంది. ఇంకోమాట. మామూలు భక్తుల నమ్మకం విశ్వం ఎంత పెద్దదన్న లెక్కలో ఉండదు, మొక్కులో ఉంటుంది. బిడ్డకు జ్వరం తగ్గితే ఎత్తు బంగారం, అంటే బిడ్డ బరువంత బెల్లం, ఇస్తానని మొక్కుకున్న తల్లి, 40 కాంతి సంవత్సరాల అవతల ఎవరో ఉన్నారని తెలిసినంత మాత్రాన ఆ మొక్కు తీర్చకుండా ఇంటికి పోదు.

మీ ఊళ్లోనే దీనికి రుజువుంది. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుడులు. సూర్యుడు ఒక నక్షత్రమని, అందులో హైడ్రోజన్ హీలియంగా మారుతోందని బడిలో చదువుకున్న పిల్లలే రథసప్తమి పొద్దున తల మీద జిల్లేడు ఆకులు పెట్టుకొని స్నానం చేస్తారు. ఆ చదువు, ఈ స్నానం ఒకే తలలో తగువు పడకుండా ఉంటున్నాయి. సిగ్నల్ వార్త కూడా మొదట అలాంటి చోటికే వెళ్లి కూర్చుంటుంది.

ఊహ కాకుండా జనాన్ని అడిగి చూసిన పనీ ఒకటుంది. 2008లో అమెరికన్ వేదాంత పండితుడు టెడ్ పీటర్స్ 1,300 మందికి పైగా రకరకాల మతాలవాళ్లను, ఏ మతమూ లేనివాళ్లను ఇదే విషయం అడిగాడు. ఎక్కువమంది విశ్వాసులు "మా నమ్మకానికి ఏమీ కాదు" అన్నారు. వేరేవాళ్ల మతం దెబ్బతింటుందేమో అని అనుమానపడ్డవాళ్లు మాత్రం ఉన్నారు. మతం కూలుతుందని గట్టిగా అన్నది ఎక్కువగా మతం లేనివాళ్లే. మీ నవలకు ఇది చాలా పనికొచ్చే విషయం. మీ పాత్రల్లో ఎవరూ "నా నమ్మకం పోయింది" అనక్కర్లేదు. "పక్క వీధి వాళ్ల పని అయిపోయింది" అని ప్రతివాళ్లూ అనుకుంటారు. ఆ అనుకోవడంలోంచే ఘర్షణ పుట్టించవచ్చు, నమ్మేలాగా ఉంటుంది.

ఇక ఒక్కో మతం సంగతి.

క్రైస్తవం. ఇక్కడ కీలు చాలా సున్నితమైనది. దేవుడు ఒక్కసారి, ఒక్కచోట, మనిషిగా పుట్టి అందరి కోసం చనిపోయాడన్నది మూల విశ్వాసం. మరి వేరే గ్రహంవాళ్ల సంగతి? ఈ ప్రశ్న కొత్తది కాదు. 1277లో పారిస్ బిషప్ ఎతియెన్ తాంపియె 219 వాదాలను ఖండించాడు. "దేవుడు అనేక లోకాలను సృష్టించలేడు" అనడం కూడా తప్పేనని ఆ జాబితాలో ఉంది. నికొలస్ ఆఫ్ క్యూసా 1440లో వేరే నక్షత్రాల మీద కూడా నివాసులు ఉండొచ్చని రాశాడు. ఆయన్ని శిక్షించలేదు సరికదా, తర్వాత కార్డినల్‌ని చేశారు. ఆ కాలంలోనే విలియం వోరిలాంగ్ అనే సన్యాసి, క్రీస్తు ఇక్కడ చేసిన త్యాగం ఎన్ని లోకాలకైనా సరిపోతుంది, ఆయన ఇంకో లోకానికి వెళ్లి మళ్లీ చనిపోవడం తగదు అన్నాడు. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్ పండితుడు మెలాంక్‌తన్ మాత్రం, క్రీస్తు ఒక్కసారే చనిపోయాడు కాబట్టి వేరే లోకాలే లేవు పొమ్మన్నాడు. 2008లో వాటికన్ అబ్జర్వేటరీ డైరెక్టర్, జెసూయిట్ ఫాదర్ హోసే గాబ్రియేల్ ఫ్యూనెస్, గ్రహాంతరవాసిని కూడా సోదరుడిగా చూడొచ్చు, అది మా విశ్వాసానికి విరుద్ధం కాదు అని వాటికన్ పత్రికకే చెప్పాడు.

అందుకే మీ కథలో ఫాతిమానగర్ ఫాదర్ వార్త విని కుప్పకూలిపోయే సన్నివేశం తీసేయండి. ఆయన చేతిలో కనీసం మూడు జవాబులు ఉంటాయి. ఒకటి, క్రీస్తు త్యాగం అందరికీ చెల్లుతుంది. రెండు, దేవుడు అక్కడ ఇంకో రూపం తీసుకొని ఉండొచ్చు. అలా తీసుకోగల శక్తి దేవుడికి ఉందని 13వ శతాబ్దంలో థామస్ అక్వినాసే ఒప్పుకున్నాడు. మూడు, వాళ్లు అసలు పాపంలో పడనేలేదేమో, అప్పుడు రక్షణ అవసరమే లేదు. ఈ మూడోది కథకుడికి బంగారం. పాపం తెలియని జాతి ఎదురైతే మనకు సంతోషం కలుగుతుందా, అసూయ కలుగుతుందా? పల్లెలో ఉండే పాస్టర్ గారైతే ఇంత దూరం వెళ్లరు. "ఈ దొడ్డివి కాని వేరే గొర్రెలు కూడా నాకున్నాయి" అని యోహాను సువార్త పదో అధ్యాయంలో ఉన్న మాట ఎత్తుకుంటారు. ఆ మాట యూదులు కానివాళ్ల గురించి అని పండితులు చెప్తారు. కానీ ఆదివారం ప్రసంగంలో అది ఎలా వాడుకలోకి వస్తుందో మీకు తెలుసు.

ఒక పొరపాటు మాత్రం దాదాపు ప్రతి రాతప్రతిలో కనపడుతుంది. జోర్డానో బ్రూనోని "వేరే లోకాలున్నాయి అన్నందుకే కాల్చేశారు" అని ఏదో ఒక పాత్ర చెప్తుంది. 1600 ఫిబ్రవరి 17న రోమ్‌లో ఆయన్ని సజీవంగా దహనం చేసిన మాట నిజం. అది ఘోరం, అందులో సందేహం లేదు. కానీ ఆయన మీద మోపిన నేరాల్లో త్రిత్వాన్ని, క్రీస్తు దైవత్వాన్ని కాదన్నాడన్నవి ఉన్నాయి. అనేక లోకాల మాట వాటిలో ఒకటి మాత్రమే. పాత్ర ఆవేశంలో అలా అంటే అననివ్వండి, కథకుడి గొంతుతో మాత్రం అనకండి.

ఇస్లాం. నమాజులో ప్రతి రకాతులోనూ (ఒక్కో ఆవృత్తిలోనూ) ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా చదువుతారు. రోజుకు తప్పనిసరి రకాతులు 17. అంటే రోజుకు కనీసం 17 సార్లు "రబ్బిల్ ఆలమీన్", సకల లోకాలకు ప్రభువు, అన్న మాట నోట వస్తుంది. లోకాలు అన్నది బహువచనమే. ఖురాన్ 42వ సూరా (అధ్యాయం) 29వ ఆయత్‌లో (వాక్యంలో) ఆకాశాల్లోనూ భూమిలోనూ అల్లా వ్యాపింపజేసిన ప్రాణుల ప్రస్తావన ఉంది. అక్కడ వాడిన "దాబ్బా" అన్న పదం మామూలుగా నేల మీద కదిలే ప్రాణికి వాడేది. కొందరు వ్యాఖ్యాతలు అది దేవదూతల గురించి అన్నారు. ఏమైనా, ప్రాణులు ఉండటం దగ్గర ఇస్లాంకు ఇబ్బంది లేదు. కీలు వేరే చోటుంది. మహమ్మద్ ప్రవక్తతో ప్రవక్తల పరంపర ముగిసిందన్న విశ్వాసం అది. వేరే భూమికి వేరే ప్రవక్త ఉంటే ఆ ముగింపు సంగతేమిటి? ఏడు భూముల్లోనూ మన ఆదం లాంటి ఆదం ఉన్నాడని ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ పేరు మీద వచ్చిన ఒక ఉల్లేఖనం చుట్టూ 19వ శతాబ్దంలోనే మన దేశ ఉలమాల (మత పండితుల) మధ్య పెద్ద వాదం నడిచింది. ఇప్పటికీ అది మానిన గాయం కాదు. నవలలో కాజీపేట దర్గా దగ్గర ఇద్దరు పెద్దమనుషులు దీని గురించి మాట్లాడుకునే సన్నివేశం పెట్టాలనుకుంటే, చదువుకున్న ఆలిం ఒకరికి చూపించాకే అచ్చుకివ్వండి. తెలియక రాసిన ఒక్క వాక్యం చాలా నొప్పిస్తుంది.

హిందూ సంప్రదాయం. "మా పురాణాల్లో ముందే ఉంది" అని ఒక పాత్ర చేత అనిపించి వదిలేస్తే కథ చప్పబడుతుంది. ఉన్నమాట నిజమే. తిరుమల వెంకన్నను అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకుడని రోజూ పిలుస్తాం. మన బమ్మెర పోతన తెలుగు చేసిన భాగవతం దశమస్కంధంలో, ఆవుదూడల్ని దాచి భంగపడ్డ బ్రహ్మ కృష్ణుణ్ణి స్తుతిస్తాడు. కిటికీలో ధూళి రేణువులు వచ్చిపోయినట్టు లెక్కలేనన్ని బ్రహ్మాండాలు నీ రోమకూపాల్లో వచ్చిపోతుంటాయి అన్న భావం ఆ స్తుతిలోది. నవమస్కంధంలో కకుద్మి అనే రాజు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్లి, అక్కడ పాట అయ్యేదాకా ఆగుతాడు. ఆ కాసేపట్లో ఇక్కడ 27 చతుర్యుగాలు గడిచిపోతాయి. తను అనుకున్న వరులు, వాళ్ల మనవలు కూడా మిగలరు. అంతరిక్ష ప్రయాణం చేసి తిరిగొచ్చినవాడి దుఃఖానికి ఇంతకంటే మంచి పోలిక మనకు దొరకదు. అయితే దీన్ని "ఐన్‌స్టైన్ కంటే ముందే కనిపెట్టాం" అని వాడకండి. అందులో సమీకరణం లేదు, కొలత లేదు. ఒక ముసలమ్మ తన మనవడు అంతరిక్షానికి వెళ్తుంటే ఆ కథ గుర్తు చేసుకొని ఏడిస్తే, అది నిజంగా ఉంటుంది.

అలాగే ప్రాచీన విమానాల గ్రంథమని చెప్పుకునే వైమానిక శాస్త్రం జోలికి పోకండి. అది 20వ శతాబ్దం మొదట్లో, 1918 నుంచి 1923 మధ్య, సుబ్బరాయ శాస్త్రి చెప్పగా రాసుకున్నది. బెంగళూరు ఐఐఎస్సీ శాస్త్రవేత్తలు 1974లో దాన్ని పరిశీలించి, అందులోని విమానాలు ఎగరలేవని తేల్చారు.

హిందూ కీలు ఎక్కడంటే, కర్మభూమి అన్న మాట దగ్గర. పై లోకాలు భోగానికి, ఈ భరతభూమి కర్మకు. ఇక్కడ పుట్టడానికి దేవతలు కూడా ఆశపడతారని విష్ణుపురాణం. మోక్షానికి దారి మనిషి జన్మ నుంచే. ఇప్పుడు ట్రాపిస్ట్-1 చుట్టూ ఉన్నవాళ్లు కూడా పుణ్యపాపాలు ఎరిగి, సాధన చేసేవాళ్లైతే, వాళ్లది ఏ భూమి? మన జీవుడు అక్కడ పుట్టొచ్చా? చనిపోయిన మా నాన్న అక్కడ ఉన్నాడేమో అని ఒక కూతురు సిగ్నల్ వినే గది బయట కూర్చుంటే, ఆ ఒక్క బొమ్మ మీ పది పేజీల చర్చకంటే ఎక్కువ చెప్తుంది.

జైనం, బౌద్ధం గురించి రెండు ముక్కలు. కొలనుపాకకు వచ్చే జైన యాత్రికుల సంప్రదాయంలో, మనం వెళ్లలేని మహావిదేహ క్షేత్రంలో సీమంధర స్వామి అనే తీర్థంకరుడు ఇప్పుడు కూడా ఉన్నాడు. అందని లోకంలో బతికున్న గురువుకు దండం పెట్టడం వాళ్లకు రోజువారీ పని. అంగుత్తర నికాయ అనే బౌద్ధ గ్రంథంలో బుద్ధుడు వెయ్యి చంద్రులు, వెయ్యి సూర్యులు, వెయ్యి జంబూద్వీపాలున్న లోకధాతువు (లోకాల సమూహం) గురించి చెప్తాడు. ధూళికట్ట స్తూపం దగ్గర మీ పాత్రల్ని ఒక సాయంత్రం నిలబెట్టాలనుకుంటే ఈ మాట వాడుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం, మేడారం.

సమ్మక్కను గ్రహాంతరవాసిని చేయకండి. మీ ప్రశ్న చివర్లో "సమ్మక్క పసిబిడ్డగా అడవిలో దొరికింది కదా, ఆమే వేరే గ్రహం నుంచి వచ్చిందని చూపిస్తే ఎలా ఉంటుంది" అని రాశారు. ఈ ఆలోచన మీ ఒక్కరికే వచ్చింది కాదు, చాలామందికి మొదట తట్టేది ఇదే. దయచేసి వదిలేయండి. కోయ పెద్దలు చెప్పుకునే కథలో ఆమె కరువు కాలంలో కప్పం కట్టలేని తన జనం పక్షాన కాకతీయ సైన్యంతో పోరాడిన ఆడబిడ్డ. కొడుకు జంపన్న ఆ వాగులో ప్రాణం విడిచాడు కాబట్టే అది జంపన్న వాగైంది. ఆమెకు శక్తి వేరే గ్రహం నుంచి వచ్చిందని మీరు రాస్తే, ఆ పోరాటం ఆ జనానిది కాకుండా పోతుంది. రామప్ప గుడి విషయంలోనూ ఇదే తప్పు జరుగుతోంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, ఇసుక నింపిన పునాది, నీళ్ల మీద తేలే ఇటుకలు. 2021లో యునెస్కో గుర్తించింది. ఆ ఇటుకలు కాల్చినవాళ్లకు చేయి, కన్ను, అనుభవం ఉన్నాయి. వేరే గ్రహంవాళ్లు నేర్పారంటే వాళ్ల చెమటను తుడిచేసినట్టే.

జాతరను మాత్రం దాని క్రమంలోనే వాడుకోండి. మీరు అన్నీ ఒకే రాత్రిలో కలిపేశారు. మాఘ పౌర్ణమికి దగ్గరగా, బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క. ఆమెకు విగ్రహం లేదు, కుంకుమ భరిణె రూపంలో పూజారి తీసుకొస్తాడు. పోలీసులు గాల్లోకి తుపాకీ పేలుస్తారు, జనం ఎదురుకోళ్లు ఎగరేస్తారు. శుక్రవారం మొక్కులు. శనివారం వనప్రవేశం. వార్త ఎప్పుడు రావాలంటే, గురువారం సాయంత్రం, తుపాకీ పేలడానికి కాస్త ముందు. లక్షల మంది ఒక్కచోట ఉంటే ఫోన్లు సరిగా కలవవు. వార్త ఒకరి నోటి నుంచి ఒకరి చెవికి, రూపం మారుతూ పోతుంది. చిలకలగుట్ట దగ్గరికి చేరేసరికి "సిగ్నల్" అన్న మాట "పిలుపు" అయిపోతుంది. పూనకం వచ్చిన ఒక శివసత్తి "నేనే పిలిపించుకున్న" అంటుంది. మొదటి రోజు మతం వార్తను కాదనదు, తనలో కలిపేసుకుంటుంది. జనం తగ్గరు, శుక్రవారానికి పెరుగుతారు.

సైన్స్ వైపు కూడా సరిచేయాల్సినవి ఉన్నాయి. మీ నవలలో శాస్త్రవేత్త అదే రాత్రి టీవీలో "గ్రహాంతర జీవులు ఉన్నారు" అని ప్రకటిస్తాడు. అలా జరగదు. 1967లో కేంబ్రిడ్జ్‌లో జోసెలిన్ బెల్ 1.33 సెకన్లకు ఒకసారి కచ్చితంగా కొట్టుకునే సిగ్నల్ పట్టుకుంది, అది పల్సార్, అంటే వేగంగా తిరిగే ఒక నక్షత్ర శేషం, అని తేలింది. 1977 ఆగస్టు 15న ఒహాయోలోని టెలిస్కోప్‌కు 72 సెకన్లు అందిన సిగ్నల్ మళ్లీ రాలేదు, దానికి ఇప్పటికీ ఖాయమైన వివరణ లేదు. 1989 నుంచి శాస్త్రవేత్తలకు ఒక ఉమ్మడి నియమాల పత్రం ఉంది. ముందు వేరే టెలిస్కోపులతో సరిచూసుకోవాలి, తర్వాత ప్రకటించాలి, ప్రపంచ దేశాలతో సంప్రదించకుండా జవాబు పంపకూడదు. మన దేశంలో సరిచూడాల్సింది పుణె జిల్లా ఖొడద్ దగ్గరున్న రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీ. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు. హైడ్రోజన్ వాయువు రేడియో తరంగాలు వెలువరించే 1,420 మెగాహెర్ట్జ్ దాని పరిధిలోకి వస్తుంది. కాబట్టి జాతర నాలుగు రోజులూ అధికారికంగా వచ్చే మాట ఒక్కటే, "పరిశీలిస్తున్నాం". ఖాయం కావడానికి వారాలు, నెలలు పడుతుంది. సందేశం అర్థం కావడానికి ఎన్నేళ్లో చెప్పలేం. తెలియని ఆ ఖాళీలోనే మనుషులు తమ తమ నమ్మకాలు నింపుతారు. మీ నవల నడవాల్సింది ఆ ఖాళీలో.

ఇంకొకటి. హీరో అర్ధరాత్రి జంపన్న వాగు ఒడ్డున నిలబడి "అదిగో ఆ నక్షత్రం" అని చూపిస్తాడు. ట్రాపిస్ట్-1 కంటికి కనపడనంత మసక నక్షత్రం. పైగా అది కుంభరాశి తారల్లో ఉంది. మాఘమాసంలో సూర్యుడు ఆ వైపే ఉంటాడు కాబట్టి అర్ధరాత్రి అది మన కాళ్ల కింద, భూమికి అవతల ఉంటుంది. ఆ సీన్ ఉండాల్సిందే అంటే నక్షత్రాన్ని మార్చండి, వేళను కూడా అర్ధరాత్రి నుంచి చీకటి పడే సమయానికి జరపండి. ఎప్సిలాన్ ఎరిడానీ కంటికి కనపడుతుంది, జాతర రోజుల్లో చీకటి పడేసరికి దక్షిణాన బాగా పైకి వచ్చి ఉంటుంది. దూరం 10.5 కాంతి సంవత్సరాలు. 1960లో ఫ్రాంక్ డ్రేక్ మొట్టమొదట చెవి పెట్టి విన్న రెండు నక్షత్రాల్లో అదొకటి. పున్నమి వెన్నెలలో మసకగా కనిపిస్తుంది, చూపించే చేతికి కాస్త వెతుకులాట పెట్టండి.

దూరం మారిస్తే నమ్మకం తీరు కూడా మారుతుంది, ఇది బాగా ఆలోచించండి. ఎప్సిలాన్ ఎరిడానీకి ప్రశ్న పంపితే జవాబుకు 21 ఏళ్లు. అడిగినవాడే వింటాడు. ట్రాపిస్ట్-1 అయితే పోను దాదాపు 41, రాను దాదాపు 41, మొత్తం 81 ఏళ్లకు పైనే. రెండేళ్లకోసారి జాతర, అంటే 40 జాతరలు దాటాలి. 2028 జాతరలో "మీకు దేవుడున్నాడా" అని అడిగితే జవాబు 2110 జాతర నాటికి వస్తుంది. అడిగినవాడు ఉండడు. తాత మొక్కిన మొక్కు మనవడు తీర్చడం మనకు కొత్త కాదు. శాస్త్రవేత్తలు కూడా అదే పని చేయాల్సి వస్తుంది. తాము చూడని ఫలితం కోసం టెలిస్కోప్‌ను తర్వాతి తరానికి అప్పగించాలి. మీ నవలలో శాస్త్రం, భక్తి ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన నిలబడగలిగే చోటు ఇదే అని నాకు అనిపిస్తుంది. 1977లో పంపిన వాయేజర్ వ్యోమనౌకల్లోని బంగారు రికార్డులో 55 భాషల పలకరింపుల మధ్య తెలుగు పలకరింపు కూడా ఉంది. జవాబు ఆశించి పంపింది కాదది.

రెండో భాగం, మార్స్. ఇక్కడ మీరు నమ్మకాన్ని పూర్తిగా వదిలేసిన కాలనీ చూపించారు. జరిగేది దానికి వ్యతిరేకం. ఇల్లు దూరమైన కొద్దీ ఆచారం గట్టిపడుతుంది. ఇబ్బంది అంతా ఆచారాన్ని అక్కడ ఎలా అమర్చాలి అన్న దగ్గర వస్తుంది. 2007లో మలేషియా వ్యోమగామి షేక్ ముజఫర్ షుకోర్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు ఆ దేశ ఉలమా మార్గదర్శకాలు రాసిచ్చారు. ఆ కేంద్రం గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది, అయినా 24 గంటలకు ఐదు నమాజులే. వేళలు రాకెట్ బయలుదేరిన ఊరి ప్రకారం. ముఖం కాబా వైపు. కుదరకపోతే కాబాకు సూటిగా పైనున్న దిక్కు, అదీ కుదరకపోతే భూమి వైపు, ఏదీ కుదరకపోతే ఎటైనా సరే.

మన పురోహితుడికి ఇదే పని సంకల్పంలో ఎదురవుతుంది. సంకల్పం అంటే దేవుడికి మనం చెప్పుకునే చిరునామా. జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, తర్వాత శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాం, ఏ రెండు నదుల మధ్య ఉన్నాం, ఏ సంవత్సరం, ఏ తిథి, చివర గోత్రం, పేరు. అమెరికాలో చాలామంది పురోహితులు ఇప్పటికే జంబూద్వీపే అనే చోట క్రౌంచద్వీపే అంటున్నారు. మార్స్ మీద నదులు లేవు. నిలబడ్డదే కుజుడి మీద, నవగ్రహాల్లో కుజుడికి ఎక్కడ దండం పెట్టాలి? తిథి అంటే భూమి నుంచి చూసినప్పుడు సూర్యచంద్రుల మధ్య ఒక్కో 12 డిగ్రీల దూరం, మార్స్ ఆకాశంలో దానికి అర్థమే లేదు. అక్కడి చందమామ ఫోబోస్ 7 గంటల 39 నిమిషాలకే ఒక చుట్టు తిరుగుతుంది, దాని అమావాస్యలు రోజుకు మూడు వస్తాయి. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ ఆడాలంటే భూమి పంచాంగమే దిక్కు. మార్స్ రోజు మనకంటే దాదాపు 40 నిమిషాలు ఎక్కువ కాబట్టి ఆ పంచాంగం కూడా అక్కడి గడియారంతో రోజూ కాస్త జరుగుతూ పోతుంది.

గ్రహాంతరవాసి అర్చన చేయించుకోవాలని వస్తే గోత్రం ఏం చెప్పాలి? దీనికి పాత జవాబే ఉంది. గోత్రం తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెప్తారు. పురాణాల్లో దేవతలకు, దైత్యులకు, నాగులకు, గరుత్మంతుడికి అందరికీ తండ్రి కశ్యపుడే. పురోహితుడు ఒక్క క్షణం ఆగి, "కాశ్యప గోత్రస్య" అని మొదలుపెట్టేస్తే చాలు. ఆ క్షణం ఆగడం రాయండి, వివరణ రాయకండి.

చివరిది, ఎత్తు బంగారం. మీ కాలనీలో ఒక అమ్మ 60 కిలోల బిడ్డ ఎత్తు బెల్లం మొక్కింది. మీరు 23 కిలోలు సరిపోయిందని రాశారు. మార్స్ గురుత్వం భూమిలో 38 శాతం కాబట్టి లెక్క సరే, కానీ అది స్ప్రింగ్ కాటాలో తూస్తే చూపించే అంకె. రెండు పళ్లేల తక్కెడలో ఒకవైపు బిడ్డ, ఒకవైపు బెల్లం పెడితే బరువు రెండువైపులా ఒకేలా తగ్గుతుంది. అక్కడా 60 కిలోల బెల్లమే కావాలి. స్ప్రింగ్ కాటా తెచ్చినవాళ్లు 23 చాలంటారు, తక్కెడ పట్టుకున్న ముసలమ్మ ఒప్పుకోదు. భూమి నుంచి తెచ్చిన బెల్లం కాలనీ మొత్తంలో 40 కిలోలే ఉందనుకోండి. మిగతా 20 కిలోలు ఎవరింట్లోంచి, ఎన్ని గిన్నెల్లో వస్తాయో ఆ అధ్యాయం అక్కడి నుంచి రాయండి.